గుర్రానికి ఎడమ పక్కన

తార్నాకలో మా వీధి చివరి డాక్టరు నన్ను రోజూ నలభై నిమిషాలు నడవమన్నాడు. గుర్రం సంగతి ఆయన చెప్పలేదు. అప్పటికి నాకు బీపీ బాగా ఎక్కువగా ఉంది, నిద్ర పట్టడం లేదు, కుడి భుజం పట్టేసి చెయ్యి చెవి దాకా కూడా లేవడం లేదు. పైగా ఆ చేతివేళ్ళు వణుకుతున్నాయి. నేను కప్పూ సాసరూ పట్టుకుంటే ఆ చప్పుడు ముందు గదిలో ఉన్న మా ఆయనకు వినబడేది. ఏమైనా టెన్షన్లు ఉన్నాయా అని డాక్టరు అడిగాడు, లేవన్నాను. ఇరవై ఏడేళ్ళు లెక్కల టీచరుగా పనిచేసి, ఇంకా సర్వీసు ఉండగానే ఎందుకు మానేశారంటే ఒంట్లో బాగోక అన్నాను. అది అబద్ధం. మానేశాకే నాకు ఒంట్లో బాగోలేదు. మానెయ్యడానికి కారణం ఆ కుడి చెయ్యి.

ఎనిమిదో తరగతి అమ్మాయిని కొట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చే పీరియడ్. బోర్డు మీద లెక్క చేస్తూ వెనక్కి తిరిగేసరికి, మూడో బెంచీలో ఆ పిల్ల పక్కదానికి ఏదో చెప్పి నవ్వుతోంది. నన్ను చూసే నవ్వుతోందనుకున్నాను. నడిచి వెళ్ళి కొట్టాను. దెబ్బ చెంప మీద పడాల్సింది, పిల్ల తల తిప్పడంతో ఎడమ చెవి మీద పడింది. తల తిప్పడంతో అని ఇప్పటికీ రాస్తున్నాను చూడండి, తప్పేదో దానిదైనట్టు. ఇంతకీ లెక్కలో నేను ఒక మైనస్ గుర్తు వదిలేశాను. ఆ పిల్ల పక్కదానికి చూపిస్తున్నది అదే. పీరియడ్ అయ్యాక బోర్డు తుడుస్తుంటే నా కంటికే కనిపించింది.

మూడో రోజు వాళ్ళమ్మ పిల్లను తీసుకుని స్కూలుకి వచ్చింది. పిల్ల చెవిలో దూది ఉంది. ఆవిడ గొడవ చేస్తుందని ప్రిన్సిపాల్ తన గదిలో కుర్చీలు కూడా సర్ది పెట్టుకుంది. నేను కాళ్ళు పట్టుకోవడానికైనా సిద్ధంగా ఉన్నాను. ఆవిడ నాకు నమస్కారం పెట్టింది.

"కొట్టుండ్రి మేడం, మీరు కొడితెనే బాగుపడ్తది," అంది. "జర చెవి మీద కాకుండ కొట్టుండ్రి, అంతే."

పిల్ల నేల చూస్తోంది. ప్రిన్సిపాల్ నవ్వి, చెవి లోపల చిన్న చిల్లేనట, దానంతటదే మూసుకుపోతుందని డాక్టరు చెప్పాడట అంది. నేను కూడా తలూపాను. ఆ నెలాఖరుకి ఉద్యోగం మానేశాను. నన్నెవరూ మానెయ్యమనలేదు. మా ఆయన రైల్వేలో పనిచేస్తాడు, నెమ్మదైన మనిషి. కాస్త ఆలోచించుకో అని ఒక్కసారి మాత్రం అన్నాడు.

నాకు కోపం ఎక్కువని మొదటి నుంచీ అందరికీ తెలుసు. మా నాన్న కూడా టీచరే, గుంటూరు నుంచి ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాడు. ఆయనకూ ఎక్కువే. మా ఇంట్లో దాన్ని క్రమశిక్షణ అనేవాళ్ళు. నేను పెద్దయి టీచర్నయ్యాక పాత విద్యార్థులు బజారులో కనిపించి, మీరు కొట్టబట్టే ఇంతవాళ్ళమయ్యాం మేడం అంటే పొంగిపోయేదాన్ని. ఆ పిల్ల విషయం చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో చెప్పాను, పేరు చెప్పకుండా. అందరూ నా కోసం ప్రార్థన చేశారు. పాస్టరుగారు దేవుడు క్షమించేశాడమ్మా అన్నారు. దేవుణ్ణి అడగడం నాకు తేలికే అయింది, ఆయన బౌద్ధనగర్‌లో ఉండడు. ఆ పిల్ల ఇల్లు బౌద్ధనగర్‌లో, మా ఇంటి నుంచి ఆటోలో పావుగంట. నేను ఒక్కసారి కూడా వెళ్ళలేదు. నన్ను చూస్తే పిల్ల భయపడుతుంది, వెళ్ళకపోవడమే మంచిది అనుకునేదాన్ని. ఈ మాట నాకు చాలా కాలం పనికొచ్చింది.

డాక్టరు చెప్పాడు కాబట్టి పొద్దున్నే యూనివర్సిటీలో నడవడం మొదలుపెట్టాను. ఆ వేళకి సగం తార్నాక అక్కడే ఉంటుంది. గుండ్రంగా నిలబడి చప్పట్లు కొట్టుకుంటూ పకపకా నవ్వే బృందం ఒకటుండేది. నవ్వితే ఆరోగ్యమట. వాళ్ళను చూస్తే నా బీపీ ఇంకో నాలుగు మెట్లు ఎక్కేది. అందుకని హాస్టళ్ళ వెనక, నల్లరాళ్ళూ సీతాఫలం పొదలూ ఉండే వైపు ఒక్కదాన్నే నడిచేదాన్ని.

గుర్రం కనిపించింది అక్కడే. తెల్ల గుర్రమే గానీ రాత్రంతా నేల మీద పడుకుందేమో, మట్టిరంగులో ఉంది. ముందు కాళ్ళకు పొట్టి తాడు కట్టి గడ్డి మేయడానికి వదిలారు. ఇద్దరు కుర్రాళ్ళు దాని పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. అది తల ఎత్తడం లేదని ఒకడు దాని చెవి పట్టుకుని పైకి లాగాడు. నాకు ఒళ్ళు మండింది. స్కూలు గ్రౌండు ఆ చివర నుంచి ఈ చివరకు వినపడే గొంతుతో అరిచాను. కుర్రాళ్ళు వెళ్ళిపోయారు. గుర్రం మాత్రం కట్టేసిన కాళ్ళతో ఎగిరి, రాయి మీద పడబోయి నిలదొక్కుకుంది.

పొదల వెనక నుంచి గడ్డి కోసే కొడవలితో ఒక పెద్దాయన వచ్చాడు. అరవై అయిదు దాటి ఉంటాయి. ముందు గుర్రం దగ్గరికి వెళ్ళి మెడ మీద చెయ్యి వేసి, బేటీ బేటీ అంటూ కాసేపు నిలబడ్డాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పోరగాండ్లకు అది బెదరలే మేడం. రోజు చూస్తనే ఉంటది ఆళ్ళను," అన్నాడు. "మీ గొంతుకు బెదిరింది."

మంచికి పోతే ఇదా అని నాకు మండుకొచ్చింది. చెవి పట్టుకుని లాగుతుంటే చూస్తూ ఊరుకోమంటావా అని అడగబోయాను. చెవి అన్న మాట దగ్గరే నోరు ఆగిపోయింది. ఇంటికి వచ్చేశాను. మర్నాడు మళ్ళీ అటే వెళ్ళాను. క్షమాపణ చెప్పడానికి అనుకున్నాను గానీ చెప్పలేదు, దూరంగా రాయి మీద కూర్చుని చూశాను.

ఆయన ఇల్లు అడిక్‌మెట్ వైపు, గోడ అవతలి బస్తీలో. తాత సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర టాంగా నడిపేవాడట. తండ్రి కాలానికి నాలుగు గుర్రాలుండేవి, ఈయన చేతికి వచ్చేసరికి అవన్నీ పోయి, తర్వాత కొనుక్కున్న ఈ ఒక్క ఆడగుర్రమే ఉంది. పెళ్ళి ఊరేగింపులకు, బరాత్‌లకు, దాన్ని అద్దెకు తీసుకెళ్తాడు. మిగతా రోజుల్లో తెల్లవారగానే ఇక్కడ మేపుకుంటాడు. చికెన్‌గున్యా వచ్చి తగ్గాక ఆయన చేతివేళ్ళు పొద్దున పూట సరిగ్గా వంగడం లేదు. అయిదో రోజో ఆరో రోజో నేను అడక్కుండానే బ్రష్ నా చేతిలో పెట్టాడు.

"ఎడమ దిక్కుకెంచి రావాలె టీచరమ్మా. ముందుగాల మాట్లాడాలె, తర్వాత చెయ్యెయ్యాలె," అన్నాడు. ఎడమే ఎందుకని అడిగితే, పిల్లప్పటి నుంచి దానికి గట్లనే అలవాటు చేస్తరు, ఇంకో దిక్కుకెంచి వస్తే ఎవరో ఏందోనని బెదురుతది అన్నాడు. నేను టీచరునని ఆయనకు చెప్పలేదు. గొంతును బట్టే కనిపెట్టాడు.

గుర్రానికి ఒళ్ళు బ్రష్ చెయ్యడమంటే ఇల్లు తుడవడం లాంటిది కాదు. మెడ దగ్గర మొదలుపెట్టి భుజం, వీపు, డొక్క, తొడ దాకా చెయ్యి బారుగా చాచి లాగాలి. పైపైన అంటే దానికి చక్కిలిగింత, తోలు వణికిస్తుంది. మొదటి వారం కుడి భుజంలో కన్నీళ్ళొచ్చేంత నొప్పి. రెండో నెల తిరిగేసరికి అదే చెయ్యి దాని వీపు మీదుగా అవతలి వైపుకు అందుతోంది. ఫిజియోథెరపీకి తిరిగినన్ని రోజులూ రాని కదలిక అది. తర్వాత గిట్టలు. దాని భుజానికి నా భుజం ఆనించి, చేత్తో కాలి వెంట కిందికి రాసుకుంటూ మడమ దాకా వెళ్ళాలి, అప్పుడు అదే కాలు ఎత్తి ఇస్తుంది. ఎత్తిన కాలిని ఒడిలో పెట్టుకుని గిట్ట లోపలి మట్టీ రాళ్ళూ మొనదేలిన ఇనప ముక్కతో తియ్యాలి. చెయ్యి వణికితే కాలు ఇవ్వదు. వణకకూడదు అనుకుంటే ఇంకా వణికేది. దాని డొక్క మీద అరచెయ్యి పెట్టి, అది ఊపిరి తీసినప్పుడే మీరు తీయుండ్రి అని ఆయన చెప్పాడు. గుర్రం మనకన్నా చాలా నెమ్మదిగా ఊపిరి తీస్తుంది. దానితో పాటు తీసి, వదిలి, మళ్ళీ దాని కోసం ఆగేదాన్ని. ఒక పొద్దున చూసుకుంటే వేళ్ళు కదలకుండా ఉన్నాయి.

ఇంట్లో మా ఆయన ముక్కు మూసుకునేవాడు. ముప్పై ఏళ్ళలో కుక్కపిల్లను కూడా గడప దాటనివ్వలేదు, ఇప్పుడు నువ్వే లాయం వాసన కొడుతున్నావు అనేవాడు. అంటూనే పొద్దున్నే శనగలు నానబెట్టి డబ్బాలో పోసి ఇచ్చేవాడు. రైతు బజారులో గానీ, చర్చి మెట్ల మీద గానీ, నేను ఎప్పుడూ తిరిగి తిరిగి ఆయనకు ఎడమ పక్కకే వస్తున్నానని కూడా ఆయనే కనిపెట్టాడు. నాకూ కళ్ళెం వేస్తావా ఏం అని ఏడిపించేవాడు. రాత్రి పదింటికి పడుకుంటే అయిదింటికి మెలకువ వచ్చేది. డాక్టరు బీపీ మాత్ర సగానికి తగ్గించి, ఏం చేస్తున్నారని అడిగాడు. నడుస్తున్నానన్నాను. గుర్రాన్ని తోముతున్నానని చెప్పడానికి సిగ్గేసింది.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. ఒళ్ళు బాగుపడుతున్న కొద్దీ ఆ పిల్ల గుర్తుకు రావడం తగ్గింది. మొదట్లో రోజూ వచ్చేది, తర్వాత ఆదివారాలు చర్చిలో మాత్రం వచ్చేది, తర్వాత అక్కడా లేదు. నేను మంచి మనిషినైపోయాననుకున్నాను. గొంతు తగ్గింది, చెయ్యి నిలబడింది, ఇంకేం కావాలి? ఆ రోజుల్లో అద్దంలో చూసుకుంటే నా ముఖం నాకే నచ్చేది.

గుర్రం చివరిదాకా ముట్టుకోనివ్వనివి చెవులు. ఈయన కొనకముందు ఎవరి దగ్గరో ఉన్నప్పుడు, కదలకుండా నిలబెట్టడానికి చెవి మెలిపెట్టేవారట. ఆయన చెయ్యి తప్ప ఇంకెవరి చెయ్యి అటు వచ్చినా తల ఆకాశంలోకి ఎత్తేసేది. ఏడాది పైన పట్టింది నాకు. మెడ, దవడ, నుదురు, జూలు అంటూ రోజుకింత దగ్గరకు వెళ్ళి, వద్దంటే వెనక్కి వచ్చేదాన్ని. ఒక చలి పొద్దున అదే తల దించి ఎడమ చెవిని నా అరచేతిలో పెట్టింది. లోపల మెత్తగా, వెచ్చగా ఉంది. నేను దాని మెడకు ముఖం ఆనించి ఏడ్చాను. ఆయన అటు తిరిగి గడ్డి కోసుకుంటూ ఉండిపోయాడు.

బరాత్‌కు వెళ్ళే ముందు ఆయన దాని రెండు చెవుల్లోనూ దూది పెట్టేవాడు. ఇప్పటి బ్యాండుకీ డీజే పెట్టెలకూ టపాకాయలకూ దూది లేకుండా ఏ గుర్రమూ నిలబడదు. మాఘమాసంలో ఒక సాయంత్రం తార్నాకలోనే పెళ్ళి. ఆ రోజు ఆయన వేళ్ళు అసలు వంగలేదు. కొడుకులు వేరే పనుల్లో ఉన్నారు, ఉన్నా వాళ్ళను అది చెవుల దగ్గరికి రానివ్వదు. నన్ను రమ్మని కబురు చేశాడు. ఫంక్షన్ హాలు పక్క సందులో జరీ గుడ్డ, ముత్యాల ముసుగు అన్నీ వేసి నిలబెట్టాడు దాన్ని. దూది నాకిచ్చి, లోపలిదాంక కాదు గని గట్టిగ పెట్టుండ్రి, జారొద్దు అన్నాడు.

దూది ఉండ చేతిలోకి తీసుకోగానే నాకు ప్రిన్సిపాల్ గది గుర్తొచ్చింది. కుడి చెవిలో బాగానే పెట్టాను. ఎడమ చెవి దగ్గరకు వచ్చేసరికి గట్టిగా పెట్టలేకపోయాను. నొప్పి పుడుతుందేమో, లోపల ఏమైనా అవుతుందేమో అని ఊరికే ఆనించి వదిలేశాను. సరిగ్గా పెట్టారా అని ఆయన అడిగితే పెట్టానన్నాను.

ఊరేగింపు మెయిన్ రోడ్డు మీదికి వచ్చింది. నేను కూడా ఎడమ పక్కన నడుస్తున్నాను. గుర్రం తల విదిలించింది, దూది రోడ్డు మీద పడింది. వంగి తీసుకునేలోపే ఎవరో దాని కాళ్ళ పక్కనే టపాకాయల సరం ముట్టించారు. గుర్రం వెనక కాళ్ళ మీద లేచింది. పెళ్ళికొడుకు జారి మేనమామల చేతుల్లో పడ్డాడు, తలపాగా మాత్రం ఊడింది. తాడు పెద్దాయన మణికట్టుకు చుట్టుకుని ఉంది. వేళ్ళు వంగని మనిషి, తాడు విడిపించుకోలేక నాలుగు బారల దూరం రోడ్డు మీద ఈడ్చుకుపోయాడు. గుర్రం ఒక దుకాణం షట్టరుకు గుద్దుకుని ఆగింది. నేను పరుగెత్తాను. అది మళ్ళీ లేవబోతోంది, ఆయన దాని కాళ్ళ కింద ఉన్నాడు. నేను క్లాసురూములో అరిచినట్టు అరిచాను. కుడి చెయ్యి లేచింది. కొట్టలేదని రాయాలని ఉంది. కొట్టాను, ఎడమ దవడ మీద, ఉన్న బలమంతా పెట్టి.

గుర్రం ఆగిపోయింది. ఒళ్ళంతా వణుకుతూ నిలబడి నన్ను చూసింది. జనం నన్ను మెచ్చుకున్నారు. ఆడమనిషైనా ఎంత ధైర్యం అని ఎవరో అన్నారు. ఆయన్ని ఆటోలో ఎక్కించారు. ఏడాదిన్నర పాటు సాగదీసి బాగు చేసుకున్న భుజం నాకు ఆ దెబ్బకు చక్కగా పనికొచ్చింది. ఇంటికొచ్చి కప్పు పట్టుకుంటే మళ్ళీ చప్పుడైంది.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్ళాను. భుజం జారింది, సరిచేసి కట్టు కట్టారు, మోచెయ్యి తోలు లేచిపోయింది. గుర్రం రేకుల పాక కింద ఉంది. నన్ను చూడగానే వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. నేను ఆయన ముందు కూర్చుని దూది సంగతి చెప్పాను, గట్టిగా పెట్టలేదని, అబద్ధం చెప్పానని. తర్వాత కొట్టిన సంగతి చెప్పి, ఇక నేను రాను భాయ్, నన్ను చూస్తే అది భయపడుతోంది, నేను రాకపోవడమే దానికి మంచిది అన్నాను. ఆ మాట నోటి నుంచి వస్తుండగానే ఎక్కడో విన్నట్టు అనిపించింది.

ఆయన గుర్రం వైపు చూశాడు.

"మీరు రాకుంటే దానికి ఆ దెబ్బనే ఆఖరిది అయితది టీచరమ్మా," అన్నాడు. "ఆ చెయ్యి అంటే గదే యాదుంటది, బతికినన్ని దినాలు. కొట్టిన చెయ్యే మల్ల రావాలె. అది దగ్గరికి రానిస్తదా లేదా, అది దాని ఇష్టం. మీరైతే వచ్చి నిలబడాలె."

రోజూ వెళ్ళి నిలబడ్డాను. పాకలో ఎడమ పక్కన, బారెడు దూరంలో, చేతులు కిందికి వదిలేసి. మొదటి పది రోజులు అది గోడ వైపే నిలబడి నా వైపు ఒక చెవి మాత్రం తిప్పి ఉంచేది. దానితో మాట్లాడాలని ఆయన చెప్పాడు గానీ నాకు మాటలు రాలేదు. చివరికి ఎక్కాలు చెప్పాను. పన్నెండో ఎక్కం, పదమూడో ఎక్కం, నెమ్మదిగా. మూడో వారంలో నా చేతిలోంచి శనగలు తింది. చెవి మాత్రం ఇవ్వలేదు, ఈ రోజుకీ ఇవ్వలేదు. అక్కడ నిలబడ్డ అన్ని రోజులూ నాకు గుర్తొచ్చింది ఆ పిల్లే. మూడేళ్ళుగా ఆ పిల్లకు నా చెయ్యి అంటే ఆ దెబ్బే. దాన్ని అలాగే వదిలేసి నేను గుర్రం దగ్గర ఆరోగ్యం తెచ్చుకున్నాను. నా మీద నాకు అసహ్యం వేసింది. పాత స్కూల్లో నాతో పనిచేసినావిడకు ఫోన్ చేసి ఆ పిల్ల ఇల్లు ఏ సందులోనో కనుక్కున్నాను.

ఆదివారం చర్చి అయ్యాక మా ఆయన్ని ఇంటికి పంపేసి నేనొక్కదాన్నే బౌద్ధనగర్ వెళ్ళాను. వాళ్ళమ్మ ముందు గదిలో జాకెట్లు కుడుతోంది. గుర్తుపట్టి గబగబా కుర్చీ తుడిచి వేసింది, చాయ్ పెట్టింది. మీరు పోయినంక లెక్కలల్ల ఎనకబడ్డది మేడం, ఇంటర్ల లెక్కలు లేని గ్రూపు తీసుకున్నది అని నాకే ఫిర్యాదు చేసింది. ఆ పిల్ల లోపలి నుంచి వచ్చింది. పొడుగైంది. నన్ను చూసి నమస్తే మేడం అంది, క్లాసులో అన్నట్టే, లేచి నిలబడే గొంతుతో. అమ్మ ముందు నేను ఏమీ చెప్పలేకపోయాను. చెబితే ఆవిడ మళ్ళీ, మీరు కొడితేనే బాగుపడుతుంది అంటుందని భయం. ఇంతలో ఆవిడ జాకెట్టు ముక్క ఒకటి పిల్ల చేతికిచ్చి, దీనికి మ్యాచింగ్ దారం పట్టుకురమ్మంది. నేనూ వస్తానని లేచాను.

సందు ఇరుకు. ఆదివారం కదా, చికెన్ దుకాణాల దగ్గర జనం, బండ్లు. ఇద్దరం పక్కపక్కన నడుస్తున్నాం. మూడేళ్ళలో ఎన్నిసార్లో మనసులో రాసి కొట్టేసిన మాటలు ఒకదాని వెంట ఒకటి వచ్చేశాయి. లెక్కలో తప్పు నాదేనని, మైనస్ గుర్తు నేనే వదిలేశానని, నువ్వు సరిగ్గానే పట్టుకున్నావని చెప్పాను. నీ మీద చెయ్యి ఎత్తే హక్కు నాకు లేదని, మీ అమ్మ ఏమన్నా సరే ఎవరికీ లేదని చెప్పాను. రాకుండా దాక్కున్నాను, పిరికిదాన్ని అన్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది, అయినా అడుగుతున్నాను అన్నాను. గొంతు పెంచకుండా, గుర్రం దగ్గర నేర్చుకున్న గొంతుతో, ముందుకే చూస్తూ చెప్పాను. కళ్ళలో నీళ్ళు ఆగలేదు.

పిల్ల ఏమీ అనలేదు. చేతిలో గుడ్డముక్క మడతపెట్టుకుంటూ నడుస్తోంది. మంచిదే, క్షమించకపోవడం దాని ఇష్టం, నేను వచ్చి నిలబడ్డాను కదా అనుకున్నాను. అంత బాధలోనూ కాస్త తేలికైనట్టు కూడా అనిపించింది.

దారాల దుకాణం ముందు పిల్ల ఆగి నా వైపు తిరిగింది. నా ముఖం చూసి కంగారు పడింది.

"మేడం, ఏడుస్తున్నరా? ఏమన్న చెప్పిన్రా?" అంది. "ఆ దిక్కు నడిస్తే నాకు వినరాదు మేడం. ఆ చెవి పనిచేయది. ఇటు పక్కకు రాండ్రి."

నేను ఆ పిల్లకు ఎడమ పక్కన ఉన్నాను. ఇంటి గడప దిగినప్పటి నుంచీ ఎడమ పక్కనే నడిచాను. చిల్లు మూసుకుపోయిందన్నారు కదా అన్నాను. మూసుకపోలే మేడం, ఆపరేషన్ చేయాలన్నరు, అమ్మ వద్దన్నది అంది, నన్ను ఓదారుస్తున్నట్టు.

ఆ పిల్ల వెనక నుంచి చుట్టూ తిరిగి కుడి పక్కకు వచ్చాను. దుకాణంలోని మనిషి ఏ రంగు కావాలమ్మా అని అడుగుతున్నాడు. పిల్ల అతనికి గుడ్డముక్క ఇచ్చి, కుడి చెవి నా వైపు పెట్టి ఎదురుచూస్తోంది. నేను మైనస్ గుర్తు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టాను.